నీళ్ళ తాలీం

ఆళ్ళగడ్డలో కడప రోడ్డు మీద లారీలకు కమాను కట్టలు బిగించే బుడేన్‌కు కోపం రాని రోజు ఒక్కటి చూపించమంటే ఊళ్ళో ఎవరూ చూపించలేకపోయేవారు. టీ చల్లారితే కోపం, నోరు కాలితే కోపం. డ్రైవరు బండి వెనక్కి తీసేటప్పుడు హారన్ కొట్టకపోతే కోపం, కొడితే ఇంకా కోపం. భార్య ఖైరున్నీసా పెళ్ళయిన కొత్తలో ఏడ్చేది. పోనుపోను ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు చూసి, "అయిందా, అన్నం పెట్టేదా?" అని అడగడం నేర్చుకుంది.

ఈ చిల్లర కోపాలన్నీ ఒక ఎత్తు. కసరత్తు గురించి ఎవడైనా తెలిసీ తెలియక నోరు పారేసుకుంటే వచ్చే కోపం ఒక్కటీ ఒక ఎత్తు. అప్పుడు మాత్రం చేతిలో ఉన్న సుత్తి కింద పెట్టేసి మరీ తిట్టేవాడు. సుత్తి చేతిలో ఉంటే తన మీద తనకు నమ్మకం లేదని ఆయనే చెప్పుకునేవాడు.

షెడ్డు వెనక కొంచెం జాగాలో ఎర్రమట్టి పోసి ఆయన కుర్రాళ్ళ కసరత్తుకు ఒక తాలీం నడిపేవాడు. పెద్దగా ఊహించుకోవాల్సిందేమీ లేదు. విరిగిన లారీ ఇరుసు ఒకటి, దాని కొసలకు తగిలించడానికి చిన్నవీ పెద్దవీ పాత బ్రేకు డ్రమ్ములు, చేత్తో పట్టి తిప్పే రెండు జతల కర్ర లోడీలు, రెండు గుంజల మధ్య బిగించిన ఒక కడ్డీ. ఏ తాలీంలోనూ లేనిది ఒక్కటి అక్కడ ఉండేది. వాకిట్లోనే నీళ్ళ కడవ, దాని మీద బోర్లించిన చెంబు. కసరత్తు మధ్యలో ఎవరైనా నీళ్ళు తాగొచ్చు. తాగొచ్చు అనడం కూడా తప్పే. తాగకపోతే తిట్లు పడేవి.

డెబ్బయి ఆరులో ఆయన ఆ కడవ పెట్టినప్పుడు విన్నవాళ్ళంతా బుగ్గలు నొక్కుకున్నారు. కసరత్తు మధ్యలో నీళ్ళు తాగితే ఒళ్ళు వదులైపోతుందనీ, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి దిగుతాయనీ నంద్యాల నుంచి చాగలమర్రి దాకా ప్రతి మగవాడికీ తెలుసు. ఎలా తెలుసు అని అడిగే దిక్కు లేదు. అందుకే దానికి నీళ్ళ తాలీం అని పేరు పెట్టి నవ్వారు. ఆ పేరు వింటే బుడేన్ ముఖం కందగడ్డ అయ్యేది, అయినా కడవ మాత్రం తీయలేదు.

కొత్తగా వచ్చినవాడి చేత పది దండీలు, పది బస్కీలు తీయించి, ఒకసారి ఉత్త ఇరుసు ఎత్తించి, ఇంటికి పొమ్మనేవాడు. మధ్యలో ఒకరోజు మానేసి ఎల్లుండి రమ్మనేవాడు.

"ఇంతేనా అన్నా? నాకు నొప్పే తెలీలే."

"నొప్పి కావల్లంటే పోయి గోడకు తల కొట్టుకోపో. ఈడ బలం మాత్రమే దొరుకుతాది."

ఆ రోజుల్లో కుర్రాళ్ళ బుర్రల్లో పేరుకున్న కసరత్తు జ్ఞానమంతా వింటే బుడేన్‌కే కాదు, మనబోటి శాంతమూర్తులకు కూడా ఒళ్ళు మండుతుంది. చెమట ఎంత కారితే అంత కండ అంటారు. అలాగైతే మే నెలలో మిరప కళ్ళంలో కూర్చున్నవాళ్ళంతా పహిల్వాన్లు కావాలి. పచ్చిగుడ్డు పొద్దున్నే మింగితే చాలంటారు, సంగటి ముద్ద, చెనిక్కాయలు, ఉడకబెట్టిన గుడ్డు మాత్రం నామోషీ. బరువెత్తితే పొట్టివాళ్ళయిపోతారంటారు. కసరత్తు మానేస్తే కండంతా కొవ్వుగా మారుతుందంటారు. "ఇనుము మానేస్తే రాగి అవుతాదా రా?" అని అరిచేవాడు బుడేన్. "కండ కండే, కొవ్వు కొవ్వే. పని మానేసి తిండి మానకపోతే బొజ్జ వస్తాది, అంతే." వీపు వంచి ఇరుసు ఎత్తబోయినవాడి పిర్ర మీద బెత్తంతో ఒకటి తగిలించి, మోకాళ్ళు వంచమనేవాడు. పళ్ళు బిగించి ఊపిరి ఆపినవాడిని, ఊపిరి వదలరా సచ్చినోడా అనేవాడు. ఒక డ్రమ్ము వేసి పదిసార్లు కుదురుగా ఎత్తిందాకా రెండో డ్రమ్ము ముట్టనిచ్చేవాడు కాదు.

ఆడది బరువెత్తితే గర్భసంచి జారుతుందని షెడ్డులో కూర్చుని చెప్పిన ఒక లారీ ఓనరును ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి లాక్కొచ్చాడు. ఎదురుగా కడుతున్న ఇంటికి కూలి రంగమ్మ తలమీద నాపరాయి మోసుకుపోతోంది. ఆమెకు ఐదుగురు పిల్లలు. "చెప్పప్పా, ఆయమ్మకు చెప్పు ఆ మాట. చెప్పి ఆ రాయి నువ్వు మొయ్యి," అన్నాడు. ఓనరు మళ్ళీ ఆ షెడ్డుకు రాలేదు. బేరం పోయిందని ఖైరున్నీసా సణిగితే, పోతే పోయిందన్నాడు.

ఇంత మంచి మాట ఇంత చెడ్డ నోటితో చెప్పేవాడి దగ్గర ఎంతమంది నిలుస్తారు? ఏటా పది మంది వచ్చేవాళ్ళు, ముగ్గురు మిగిలేవాళ్ళు. పోయినవాళ్ళలో సగం నలభై కిలోమీటర్ల అవతల నంద్యాలలో సైదా సాహెబ్ తాలీంకు పోయేవాళ్ళు.

అక్కడ వెయ్యి సలాం అని ఒక ఆచారం ఉండేది. కొత్త శిష్యుడు తెల్లవారుజామున వస్తాదు ముందు కూర్చుని లేస్తూ వెయ్యి బస్కీలు తీయాలి. ఆగకూడదు, నీళ్ళు ముట్టకూడదు. తోడు వచ్చినవాడు పక్కన నిలబడి లెక్క పైకి చెప్పాలి. రెండో రోజో మూడో రోజో ఆ శిష్యుడికి మూత్రం టీ డికాక్షన్‌లాగా నల్లగా పడేది. దాన్ని మసి దిగడం అనేవాళ్ళు. పుట్టినప్పటి నుంచి ఒంట్లో పేరుకున్న నీరసమంతా మసిగా దిగిపోతోందనీ, ఇక వాడు ఉక్కు అవుతాడనీ నమ్మకం. మసి దిగినవాడి ఇంటికి వస్తాదు ఎర్ర రుమాలు పంపేవాడు. ఇంట్లోవాళ్ళు చక్కెర పంచేవాళ్ళు. ఉచ్చ నల్లగా పోసినందుకు పండగ చేసుకున్న ఊరు ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

ఈ వెయ్యి సలాం పేరు ఎత్తితే బుడేన్ ఊగిపోయేవాడు. అది గాడిదల పని అనేవాడు, హంతకుల పని అనేవాడు. ఎందుకలా అంటే మాత్రం చెప్పేవాడు కాదు, గొంతు ఇంకా పెంచేవాడు. సైదా సాహెబ్ దగ్గరే చిన్నప్పుడు నేర్చుకున్నాడు కాబట్టి ఏదో పాత కక్ష అని జనం సర్దుకున్నారు.

ఎనభై నాలుగు వేసవిలో యాకోబు ఆయన్ను వదిలి వెళ్ళాడు. యాకోబు హన్నమ్మ ఒక్కగానొక్క కొడుకు. ఇరవై ఏళ్ళవాడు. మొగుడు పోయాక మిరప చేలల్లో కూలికి పోయి, ఆదివారం చర్చిలో చాపలు పరిచి, హన్నమ్మ వాడిని ఇంటరు దాకా చదివించింది. జూన్‌లో కర్నూలులో కానిస్టేబుల్ సెలక్షన్. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ ఎంత ఉండాలో అంతకు ఒక ఇంచి తక్కువ ఉంది వాడికి. నాలుగు నెలలు బుడేన్ దగ్గర చేస్తే అర ఇంచి పెరిగింది. ఇంకో రెండు నెలలు చేస్తే మిగిలింది వస్తుందని బుడేన్ చెప్పాడు. కానీ సెలక్షన్‌కు రెండు వారాలే ఉంది. స్నేహితులు రోజూ నీళ్ళ తాలీం, నీళ్ళ తాలీం అని ఏడిపించారు. మసి దిగితే పదిహేను రోజుల్లో రెండించులు వస్తాయన్నారు. చిన్నమ్మ ఇంటికని చెప్పి వాడు నంద్యాల బస్సెక్కాడు.

వాడు రావడం మానేసిన నాలుగో రోజు పొద్దున, హన్నమ్మ ఉతికిన చీర కట్టుకుని, కాగితం పొట్లంతో షెడ్డుకు వచ్చింది. బుడేన్ కమాను కింద పడుకుని బోల్టు తిప్పుతున్నాడు.

"చక్కెర తీసుకో అప్పా. మా యాకోబుకు మసి దిగింది. సైదా సాహెబు రుమాలు పంపినాడు."

బోల్టు అలాగే వదిలేసి బుడేన్ లారీ కింద నుంచి బయటికి వచ్చాడు. అప్పుడు ఆయన నోట వచ్చిన మాటలు రాస్తే కాగితం మండుతుంది. సైదా సాహెబ్‌ను, ఆయన తాలీంను, యాకోబు బుర్రలేనితనాన్ని, చక్కెర పంచుతున్న తల్లిని వరసపెట్టి తిట్టాడు. పొట్లం విసిరికొట్టాడు. చక్కెర గ్రీసు మట్టిలో కలిసింది.

హన్నమ్మ ముఖం ఎర్రబడింది. "నీ కాడ అర ఇంచి పెరిగినాడు. ఆడికి పోయి పైకొస్తాండాడని నీకు కడుపుమంట. నీ నోరు నీ కాడనే పెట్టుకో," అని గిర్రున తిరిగి వెళ్ళిపోయింది. షెడ్డులో ఉన్న డ్రైవర్లు నవ్వారు. బుడేన్ అరవడం వాళ్ళకు కొత్తా? లారీ హారన్ మోగినంత లెక్క. ఎనిమిదేళ్ళుగా అన్నిటికీ ఒకే గొంతుతో అరిచి అరిచి, నిజంగా ప్రాణం మీదికి వచ్చిన రోజున ఆ అరుపుకు విలువ లేకుండా చేసుకున్నాడు. అది ఆయనకు ఆ క్షణంలోనే అర్థమైంది. చేతుల గ్రీసు తుడుచుకోకుండానే హన్నమ్మ వెనక పరుగెత్తాడు.

యాకోబు ఇంట్లో చాప మీద పడుకుని ఉన్నాడు, తలకు ఎర్ర రుమాలుతో. లేవలేకపోతున్నాడు కానీ నవ్వుతున్నాడు. ముఖం ఉబ్బి ఉంది. బుడేన్ వాడి తొడ మీద చెయ్యి పెట్టాడు. రాయిలాగా గట్టిగా ఉంది.

"మళ్ళా ఎప్పుడు పోసినావు?"

"నిన్న మధ్యాన్నం నుంచి రాలేదన్నా. మసంతా దిగినంక అట్లనే ఆగుతాదంట."

"నీళ్ళు తాగినావా?"

"మూడు దినాలు తాగొద్దన్నారు. నోరు తడుపుకుంటాండా."

హన్నమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "తిట్టేదుంటే బయటికి పో అప్పా. నా కొడుకు ఇంట్లో శుభం జరుగుతాంది."

అరుపు గొంతు దాకా వచ్చింది. బుడేన్ మింగాడు. నేల మీద చతికిలబడి, ఎవరూ ఎప్పుడూ వినని చిన్న గొంతుతో మాట్లాడాడు.

"అక్కా, నాకు మౌలాలి అని తమ్ముడుండ్య. పందొమ్మిదేండ్లు."

"తెలుసు. కామెర్లతో పోయినాడని ఖైరున్నీసా చెప్పింది."

"కామెర్లు కాదు. డెబ్బయి మూడులో సైదా సాహెబు ముందర వెయ్యి సలాం తీసినాడు. లెక్క చెప్పింది నేనే. ఆరొందల నలభై కాడ వాడి కాళ్ళు మడతబడినాయి. నీళ్ళు అడిగినాడు. నేను ఇయ్యలే. నవ్వినా. ఆరొందల నలభై ఒకటి అన్నా. వాడు నా మొగం చూసి లేచినాడు. వెయ్యి పూర్తి చేసినాడక్కా. మూడో దినం నల్లగా పోసినాడు. చక్కెర కొని మా అమ్మ చేతిలో పెట్టింది నేనే. మర్నాటికి ఆగిపోయింది. వీడి మాదిరే మొగం ఉబ్బింది, వీడి మాదిరే నవ్వినాడు. ఎనిమిదో దినం మట్టి చేసినాం."

హన్నమ్మ గుమ్మం నుంచి కదల్లేదు. కానీ అడ్డంగా పెట్టిన చెయ్యి కిందికి జారింది.

"ఆఖరి దినం డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పినాడు. అది మసి కాదంట, కండంట. ఒక్కసారిగా అంత పని చేయిస్తే కండ చితికి, దాని రంగు నెత్తురులో కలుస్తాదంట. నీళ్ళు లేని ఒంట్లో అది పోయి మూత్రపిండాల్లో అడ్డం పడతాదంట. రెండు దినాల ముందు తెచ్చింటే బతుకుతాండ్య అన్నాడు. నేనే లెక్క చెప్పి సంపినా అని మా అమ్మకు ఎట్ల చెప్పేది? కామెర్లు అని చెప్పినా. ఆయమ్మ అదే నమ్మి పోయింది."

హన్నమ్మ కొడుకు వైపు చూసింది. యాకోబు నవ్వడం మానేసి చాలాసేపయింది. ఆమె వంగి వాడి తల మీది రుమాలు లాగి పారేసి, "లెయ్, నాయనా," అంది. లేవలేకపోయాడు. చంకల కింద ఒకరు, కాళ్ళ దగ్గర ఒకరు పట్టుకుని రోడ్డుకు మోసుకొచ్చారు.

షెడ్డులో కమాను సగం బిగించిన లారీ ఉంది. దాని పక్కన చాగలమర్రి నుంచి బేళ్ళు వేసుకొచ్చిన ఇంకో లారీ టైరుకు గాలి పట్టిస్తున్నారు. బుడేన్ ఆ డ్రైవరు చొక్కా పట్టుకుని, "కర్నూలు, జల్దీ, యాడా ఆగొద్దు," అన్నాడు. అరవలేదు. అరవలేదు కాబట్టే భయపడి బండి తీశానని ఆ డ్రైవరు తర్వాత అందరికీ చెప్పాడు. దారి పొడవునా హన్నమ్మ కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని చెంబుతో నోట్లో నీళ్ళు పోస్తూనే ఉంది. తన చేత్తో చక్కెర పంచిన ఇళ్ళన్నీ తలుచుకుని, ప్రభువా నాకు బుద్ధి లేకపాయ అని గట్టిగా ఏడ్చింది.

కర్నూలు ఆసుపత్రిలో నరానికి సూది గుచ్చి సీసాలు ఎక్కించారు. అది చాలక పొట్టకు గొట్టం పెట్టి లోపలికి నీళ్ళు పంపి, మళ్ళీ బయటికి దించారు. తొమ్మిది రోజులు యాకోబు బతుకుతాడో లేదో ఎవరూ చెప్పలేదు. బుడేన్ షెడ్డు తాళం వేసి వరండాలోనే పడి ఉన్నాడు. పదో రోజు యాకోబుకు మూత్రం వచ్చింది. పచ్చగా, మామూలుగా వచ్చింది. నర్సు వచ్చి చెబితే హన్నమ్మ ఆమె కాళ్ళు పట్టుకోబోయింది. పిల్లవాడు బతికాడు. సెలక్షన్ తేదీ ఎప్పుడు వచ్చి పోయిందో ఎవరికీ గుర్తు లేదు.

పన్నెండో రోజు కబురు విని సైదా సాహెబ్ వచ్చాడు. డెబ్బయి దాటిన మనిషి, చేతికర్ర పట్టుకుని, బస్సు దిగి ఎండలో నడుచుకుంటూ, సంచిలో బత్తాయిలతో వచ్చాడు.

పదకొండేళ్ళుగా బుడేన్ ఈ మనిషి కోసమే కోపాన్ని దాచిపెట్టుకున్నాడు. వరండా మొత్తం తిరిగి చూసేలా అరిచాడు. మౌలాలి పేరు చెప్పాడు, ఆరొందల నలభై చెప్పాడు, డాక్టరు మాట చెప్పాడు. మసి అని పేరు పెట్టి పిల్లల కండలు కరిగించి పారబోయిస్తున్నావన్నాడు. నువ్వు వస్తాదువు కాదు, కసాయివన్నాడు. ముసలాయన అంతా అయ్యేదాకా నిలబడి, తర్వాత బెంచీ మీద మెల్లగా కూర్చున్నాడు.

"మౌలాలి కామెర్లతో పోయినాడని నాకు చెప్పింది ఎవరు బేటా?" అన్నాడు. "మట్టి చేసిన రోజు నా రెండు చేతులు పట్టుకుని నువ్వే చెప్తివి."



"నేనూ నల్లగా పోసినోణ్ణే. మా వస్తాదు అదే చెప్పె, నేను అదే చెప్తి. నాకు చదువా, డాక్టర్లు తెలుసునా? కొందరికి జబ్బు చేస్తాండ్య. జరం అనిరి, కామెర్లు అనిరి, నేను నమ్మితి. నీకు డాక్టరు చెప్పినాడే. ఆ పొద్దే వచ్చి నా గడ్డం పట్టుకుని చెప్పింటే?"

"చెప్తే ఆపుతాంటివా?" అన్నాడు బుడేన్.

ముసలాయన బత్తాయిల సంచి కింద పెట్టాడు. "ఏమో. ఆపుతాంటినో లేదో. మౌలాలి తర్వాత ఇద్దరు పోయినారు. మా చెల్లెలి మనవడు ఒకడు. గోస్పాడు పిల్లోడు ఒకడు, సంజీవయ్య అని. ఇద్దరిదీ జరమే అనుకున్నాం."

బుడేన్ తిట్టడానికి ఒక మాట వెతుక్కున్నాడు. ముసలాయనకు తగిలించబోయిన ప్రతి మాటా ముందు తనకే తగులుతోంది. ఊరంతా నవ్వుతున్నా ఎనిమిదేళ్ళు కడవ పెట్టి నీళ్ళు తాపించాడు, గొంతు చించుకుని అరిచాడు. చెప్పాల్సిన ఒక్క విషయం మాత్రం తన పరువు కోసం దాచుకున్నాడు.

"మా చెల్లెలికి నేను చెప్పుకుంటా," అన్నాడు సైదా సాహెబ్ లేస్తూ. "సలాం ఈ పొద్దుతో సరి, ఇంకెవరితోనూ తీయించను. గోస్పాడుకు మాత్రం నేనొక్కణ్ణే పోలేను."

ఆ మధ్యాహ్నం బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చుని పోయి గోస్పాడులో దిగారు. సంజీవయ్య తల్లి రాములమ్మ వాకిట్లో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. చేట పక్కకు పెట్టి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఎవరప్పా మీరు?" అని అడిగింది. ముసలాయన బుడేన్ వైపు చూశాడు. బుడేన్ ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని, "అమ్మా, మీ కొడుకుకు వచ్చింది జరం కాదు," అన్నాడు.